మంటల లెక్కతో పాటు గంట కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

చలికాలం మొదలవగానే పంజాబ్‌లో వరి కొయ్యలు కాల్చిన లెక్క, ఎండలు ముదరగానే అడవి మంటల లెక్క పత్రికల్లో పడుతుంటాయి. నిరుటి కంటే ఇన్ని తగ్గాయి, అన్ని పెరిగాయి అని. అది చదివినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. ఉపగ్రహం ఆ మంటల్ని ఎన్ని గంటలకు చూసింది?

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. మార్చిలో చీకటి పడ్డాక మేడెక్కితే ఒక్కోరోజు కొండ మీద ఎర్రటి గీత పాకుతూ కనిపిస్తుంది. పదకొండు కల్లా ఆరిపోతుంది. మర్నాడు నెట్‌లో నాసా వాళ్ల మంటల మ్యాపు తెరిస్తే ఒక్కోసారి అక్కడ చుక్కే ఉండదు. ఉపగ్రహం తప్పేమీ లేదు. చిన్న మంటల్ని కూడా బాగా పట్టే విర్స్ పరికరాన్ని మోసే ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలోనూ, మళ్లీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలోనూ పోతాయి. ఆ మధ్యలో అంటుకుని ఆ మధ్యలోనే ఆరిన మంట వాటి లెక్కలోకి రాదు.

పంజాబ్ సంగతి చూడండి. అధికారిక లెక్క 2023లో 36,663 మంటలు, 2024లో 10,909. వినడానికి ఎంత బాగుందో! కానీ నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసే హిరేన్ జెత్వా అదే 2024లో ఒక మాటన్నారు: చుక్కలు తగ్గాయి గానీ గాలిలో పొగ ఆ మేరకు తగ్గలేదని. పది నిమిషాలకోసారి ఫొటో తీసే కొరియా ఉపగ్రహంలో చూస్తే, ఒకటిన్నర దాటాక మంటలు ఎక్కువగా కనిపించాయి. ఇది రైతును తిట్టడానికి చెప్పడం లేదు. వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య అతనికి దొరికేది రెండు మూడు వారాలే. యంత్రాల వల్ల కొంత నిజంగానే తగ్గి ఉండొచ్చు. తగ్గింది ఎంత, గంట మారింది ఎంత అన్నది విడదీసి చెప్పకపోతే ఆ అంకె మనల్ని మోసం చేస్తుంది.

మనకు ఇన్సాట్ అనే సొంత వాతావరణ ఉపగ్రహం ఉంది కదా అనొచ్చు. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలబడి అరగంటకోసారి చూస్తుంది, నిజమే. కానీ వేడిని పట్టే చిత్రంలో దాని ఒక్కో గడి 4 కిలోమీటర్లు. విర్స్‌ది 375 మీటర్లు. ఒక మడిలో గడ్డి మంట ఇన్సాట్‌కు ఎక్కడ ఆనుతుంది?

అందుకే చుక్కలతో పాటు పొగనూ చూడాలి. మంట ఆరినా పొగ గంటల తరబడి గాలిలో ఉంటుంది, పగటి ఫొటోలో బూడిదరంగు చారలా దొరికిపోతుంది. రాత్రి పొగను పట్టడం కష్టం. దుమ్ము అలా కాదు, వేడి కిరణాల్లో దానికి మేఘం కంటే వేరే తీరు ఉంటుంది కాబట్టి రాత్రి కూడా తెలుస్తుంది. 2022 జనవరిలో కరాచీ వైపు లేచిన దుమ్ము అరేబియా సముద్రం దాటి ముంబై మీదికి రావడం ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపించింది. ఇంకో మెలిక ఉంది. పైనుంచి కనిపించే పొగ నేల మీద ఉందో, రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున పోతోందో ఫొటో ఒక్కటే చెప్పలేదు. 2023 జూన్‌లో కెనడా కార్చిచ్చు పొగ కమ్మినప్పుడు న్యూజెర్సీలోని మా అమ్మాయి ఫోన్‌లో పొగ మ్యాపు, నేల మీది గాలి మీటర్లు రెండూ కలిపి చూసుకునే బయటికి వెళ్లింది. ఆ మ్యాపులో పొగ పలుచనా, మధ్యస్థమా, దట్టమా అని గీసి ఉంటుంది.

మనకు సరుకు లేక కాదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే మంటల హెచ్చరికలు ఫారెస్ట్ సిబ్బంది ఫోన్లకు ఎస్ఎంఎస్‌గా వస్తున్నాయి. ఉపగ్రహాల సమాచారం దించుకునే ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ కేంద్రం మన షాద్‌నగర్‌లోనే ఉంది. లేనిదల్లా మామూలు పాఠకుడికి తెలుగులో అందే దారి.

ఇకనుంచి అంకె వేసినప్పుడు "ఉపగ్రహం చూసిన మంటలు" అనండి. ఏ ఉపగ్రహమో, ఎన్ని గంటలకో రాయండి. ఫిబ్రవరి నుంచి మే దాకా అదే రోజు పొగ చిత్రం పక్కన వేయండి, ఆరోజు మబ్బు పట్టి ఏమీ కనపడకపోతే ఆ మాటే రాయండి. చోటు లేదంటారేమో, రాశిఫలాల్లోంచి రెండంగుళాలు కోసుకోండి. మా ఇంట్లో దానికి అభ్యంతరం చెప్పేది ఒక్కరే, ఆవిడకు నేను సర్దిచెబుతాను.

— విశ్రాంత సోషల్ మాస్టారు,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా