శీనుకి, ఆ పాత డిస్కు గురించి

ఒరేయ్ శీనూ,

పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 1 టీబీ డిస్కుని యూఎస్‌బీ కేసులో పెడితే లినక్స్‌లో కనబడట్లేదన్నావు. కనబడకపోవడం వేరు, మౌంట్ కాకపోవడం (అంటే ఒక ఫోల్డర్‌కి తగిలి తెరుచుకోకపోవడం) వేరురా. ముందు ఏదో తేల్చుకో.

డిస్కు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టు, డిస్కుల జాబితా చూపిస్తుంది. కొత్తగా చేరిన వరసే నీది. 931జీ అని చూపిస్తే ఏదో తగ్గిందనుకోకు. కంపెనీ లెక్క వెయ్యిల్లో, ఈ కమాండ్ లెక్క 1024ల్లో. వరసే రాకపోతే సుడో (అడ్మిన్ హక్కు) పెట్టి డీఎమ్‌ఈఎస్‌జీ (సిస్టమ్ సందేశాలు చూపించే కమాండ్) నడిపి చివరి పంక్తులు చూడు. డిస్‌కనెక్ట్ అని మాటిమాటికీ పడుతుంటే కేబుల్ మార్చు.

మౌంట్ చేసేది ఎస్‌డీబీని, అంటే మొత్తం డిస్కుని కాదు, దాని కింద ఉన్న ఎస్‌డీబీ1 లాంటి పార్టిషన్‌ని (డిస్కులో ఒక భాగాన్ని). విండోస్ డిస్కు కాబట్టి ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) ఉంటుంది. ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండిపోతే, లినక్స్ దాన్లో రాయనివ్వదు. బలవంతం చెయ్యకు. ఆర్‌ఓ ఆప్షన్‌తో చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ఫైళ్లు లాగేసుకో, నీకు అంతకంటే ఏం కావాలి?

అన్నీ బయటికొచ్చాక లినక్స్ పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4కి ఫార్మాట్ చేసి, బూట్ అవగానే వచ్చేలా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్లో) రాసుకో. అక్కడ ఎస్‌డీబీ1 అని మాత్రం రాయొద్దు. ఆ పేర్లు కెర్నెల్‌కి (లినక్స్ అసలు గుండెకి) ముందు దొరికిన వరసలో పడతాయి, ఇంకో పెన్‌డ్రైవ్ ఉంటే రేపు అదే ఎస్‌డీబీ. యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తు) రాయి, బీఎల్‌కేఐడీ కమాండ్ చెబుతుంది. ఫార్మాట్ చేస్తే అదీ మారుతుంది, కాబట్టి తర్వాతే తీసుకో. ఆ వరసలో యూయూఐడీ, ఫోల్డర్, ఈఎక్స్‌టీ4, డిఫాల్ట్స్ పక్కన కామా పెట్టి నోఫెయిల్, చివర 0, 2. నోఫెయిల్ మర్చిపోయావో, డిస్కు తగిలించని రోజు సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో (మామూలుగా బూట్ కాకుండా ఆగే స్థితిలో) పడేస్తుంది. రీబూట్ చేసేముందు సుడో మౌంట్ హైఫన్ ఏ కొట్టి చూడు. తప్పుంటే అక్కడే తిడుతుంది. కొత్త ఈఎక్స్‌టీ4లో ఫోల్డర్ రూట్ (అడ్మిన్) పేర ఉంటుంది, మౌంట్ అయ్యాక చోన్ కమాండ్‌తో నీ పేర మార్చుకో.

నోఫెయిల్‌తో ఒక తిప్పలుంది. డిస్కు లేనప్పుడు కూడా ఆ ఫోల్డర్ ఉంటుంది కదా, నీ బ్యాకప్ స్క్రిప్ట్ గుడ్డిగా అందులోనే రాసి సిస్టమ్ ఉన్న అసలు డిస్కుని నింపేస్తుంది. పైగా తర్వాత డిస్కు మౌంట్ అయితే ఆ ఫైళ్లు దాని చాటున దాక్కుంటాయి, జాగా ఎటు పోయిందో అర్థం కాదు. స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో తనిఖీ పెట్టు.

తీసేటప్పుడు యూమౌంట్, మధ్యలో ఎన్ ఉండదు. బిజీ అంటే నీ టెర్మినలే ఆ ఫోల్డర్‌లో కూర్చుని ఉందేమో చూసుకో, కాకపోతే ఎవరు వాడుతున్నారో ఫ్యూజర్ కమాండ్‌ని అడుగు.

ఉంటా మరి,
రవి