మంత్రిగారూ, రీడింగ్ మార్చనన్న కెమిస్టును కూడా గుర్తించండి

రాష్ట్ర పర్యావరణ, శాస్త్ర సాంకేతిక శాఖల మంత్రిగారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఒక పల్లె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఒక మందుల కంపెనీలో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు (ఈటీపీ) ల్యాబులో నాలుగేళ్లు చేశాను. గెడ్డలోకి వదిలే నీటిలో సీఓడీ, అంటే నీటిలో కాలుష్యం ఎంతుందో చెప్పే ఆక్సిజన్ లెక్క, లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక నైట్ షిఫ్టులో నాకు 900 పైన వచ్చింది. పొరపాటేమోనని అదే శాంపిల్‌ని మళ్లీ డైక్రోమేట్‌తో రెండు గంటలు మరిగించి టైట్రేట్ చేశాను, అదే అంకె. ఇన్‌చార్జి వచ్చి "240 వేసెయ్, పొద్దున్నే ఆడిట్ ఉంది" అన్నారు. నేను వెయ్యలేదు. ఆ నెల జీతంతో పాటే ఇంటికి పంపేశారు. ఆ గెడ్డ నీళ్లే మా ఊరి గేదెలు తాగుతాయి సార్, నేనెలా వేస్తాను?

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, జర్మనీ, ఇటలీ కెమిస్టుల సంఘాలు రెండూ కలిసి ప్రీమో లెవీ పేరు మీద ఒక అవార్డు ఇస్తున్నాయని ఈమధ్యే చదివాను, మానవ హక్కుల కోసం, నైతికత కోసం నిలబడ్డ కెమిస్టులకి. లెవీ టురిన్ నగరపు కెమిస్టు, యూదుడు. 1944లో ఆయన్ని ఆష్‌విట్జ్ అనే నాజీల నిర్బంధ శిబిరానికి తరలించారు, అక్కడ ఒక జర్మన్ రసాయన కంపెనీ ఫ్యాక్టరీ ల్యాబులో ఖైదీగా పని చేయించుకున్నారు. ఆ శిబిరంలో గ్యాస్ గదుల్లో మనుషుల్ని చంపిన జైక్లాన్-బి అనే విషం కూడా పురుగుల మందుగా తయారైనదే. అలాంటి చరిత్ర ఉన్న దేశపు కెమిస్టులు ఆ ఖైదీ పేరునే అవార్డుకి పెట్టుకున్నారంటే తమ వృత్తి చేసిన తప్పుని ఒప్పుకున్నట్టే కదా, నాకు అదే గొప్పగా అనిపించింది.

మన దగ్గర 2020 మేలో విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయ్యాక కమిటీలు వేశారు. వెయ్యాల్సిందే. కానీ చాలా ప్రమాదాలు ముందుగా కనబడేది ల్యాబులో కూర్చున్న పాతికేళ్ల కుర్రాడికో అమ్మాయికో. వాళ్లు నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో బతుకుతున్నారు. ఇంటి లోను, చెల్లి పెళ్లి, అన్నీ ఆ జీతం మీదే.

అందుకని రెండు అడుగుతున్నాను. ఏటా ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవం రోజున, నిజమైన అంకె రాసి నిలబడ్డ కెమిస్టుకి రాష్ట్రం తరఫున ఒక అవార్డు ఇవ్వండి. పెద్ద సైంటిస్టులకి కాదు, షిఫ్టుల్లో చేసేవాళ్లకి. అంతకంటే ముఖ్యం, రీడింగ్ మార్చనన్నందుకు తీసేస్తే కంపెనీకి తెలియకుండా నేరుగా మీ శాఖకి చెప్పుకునే దారి పెట్టండి. అది లేకుండా ఉత్త శాలువా కప్పితే ఆ కుర్రాడు మరుసటి నెల రోడ్డున పడతాడు.

ఆ రాత్రి లెక్క రాసుకున్న నా నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. మీ ఆఫీసు నుంచి ఎవరు రమ్మన్నా పట్టుకొచ్చి చూపిస్తాను.

ఇట్లు,
రణస్థలం మండలం నుంచి ఒక కెమిస్టు