నాన్నగారికి, కేంబ్రిడ్జ్ నుంచి

ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. అమ్మ పంపిన వేరుశనగ పొడి ఇంకా ఉంది.

మొన్న ఫోనులో "చదువుకోమని పంపితే కుక్కల కోసం రోడ్డెక్కావా?" అని కోప్పడ్డారు. తొందరలో చెప్పే విషయం కాదని అప్పుడు ఊరుకున్నాను.

ఇక్కడికి బస్సులో వెళ్లగలిగినంత దూరంలో హంటింగ్‌డన్ అనే ఊరుంది. దాని దగ్గర పొలాల మధ్య, కంచె లోపల, ప్రయోగశాలలకు అమ్మడానికి బీగిల్ కుక్కలను పెంచుతారు. 2021 వేసవి నుంచి గేటు ఎదుట కొందరు గుడారాలు వేసుకుని నిరసన తెలుపుతున్నారు. చలికీ వానకూ కదల్లేదు. 2022 డిసెంబరులో కొందరు లోపలికి వెళ్లి 18 కుక్కలను తీసుకుపోయారు, కేసులయ్యాయి. నేను అలాంటి పని చేయను, అమ్మకు ధైర్యం చెప్పండి. నెలకో ఆదివారం వెళ్లి, అట్ట పట్టుకుని నిలబడి, చీకటి పడేలోగా వచ్చేస్తాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క కుక్కా కనిపించలేదు. అరుపులే వినిపించాయి. ఒకటి మొదలుపెడితే మిగతావన్నీ అందుకున్నాయి, కాసేపటికి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆగినప్పుడే నాకు కాళ్లు వణికాయి. మన బుధవారపేటలో అర్ధరాత్రి కుక్క మొరిగితే మీరు పడుకునే "అది మన రాజు, గూర్ఖా వచ్చినట్టున్నాడు" అనేవారు. ఆ కంచె అవతల పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఇలా పెంచే కుక్కలకు చెవి లోపల నంబరు పచ్చబొట్టు పొడుస్తారు.

బీగిల్‌నే ఎందుకంటే, అది చిన్నది, సాధువు, బాధపెట్టినా కరవడానికి రాదు. కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు ఎలుకల మీద, తర్వాత ఎలుక జాతికి చెందని మరో జంతువు మీద పరీక్షిస్తారు. ఆ రెండోది చాలాసార్లు కుక్కే. 28 రోజులో 90 రోజులో మందు ఇస్తారు, తరచుగా గొంతులోకి గొట్టం దించి. గడువు తీరాక సాధారణంగా చంపి, అవయవాలు కోసి చూస్తారు. ఫార్మకాలజీ పరీక్షల్లో ఈ సంగతి మార్కుల కోసం ఎన్నిసార్లు రాశానో! ఆ అరుపులు విన్నాక మళ్లీ అలా రాయలేకపోయాను.

మీ మందు సంగతీ మరిచిపోలేదు. రోజూ టిఫినుకు ముందు మీరు పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇన్సులిన్ సూది వేసుకుంటారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కనుక్కున్నది కుక్కల మీద ప్రయోగాలతోనే. క్లోమం తీసేసిన మార్జోరీ అనే కుక్క వాళ్లు ఎక్కించిన రసంతో దాదాపు 70 రోజులు బతికింది. ఆ కుక్కకు మన ఇల్లు ఋణపడి ఉంది. కాదనను. కానీ వందేళ్ల కిందట వాళ్లకు వేరే దారి లేదు. ఇప్పుడు మనిషి కాలేయ కణాలనే చిన్న పరికరంలో పెంచి, మందు వాటికి విషమవుతుందేమో చూడగలుగుతున్నారు. కుక్కకు ఏమీ చేయని మందు మనిషి కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలూ ఉన్నాయి కదా. జంతువుల మీద పరీక్షించి తీరాలన్న షరతును అమెరికా 2022లో చట్టం నుంచి తీసేసింది. మన దేశం కూడా 2023లో నియమాలు సవరించి కొత్త పద్ధతులకు చోటిచ్చింది. మందు ఒంట్లో ఎలా వ్యాపిస్తుందో చూసే పరీక్షల్లో కుక్కల, కోతుల వాడకాన్ని 2030 కల్లా కనీసం 35 శాతం తగ్గిస్తామని ఇక్కడి బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. మిగిలిన 65 శాతం కోసం నేను నిలబడతాను నాన్నా. చదువు పాడు చేసుకోను. నా ప్రాజెక్టు ఆ కాలేయ కణాలతోనే చేస్తానని అడిగితే మా ప్రొఫెసరు ఒప్పుకున్నారు.

రాజు కాలి పుండు మానిందా? పసుపు అద్ది వదిలేయకండి, పశువుల ఆసుపత్రిలో చూపించండి. వాడు గడప మీద గడ్డం ఆనించి మీ చేతిలోని జొన్నరొట్టె వైపు చూస్తున్నప్పుడు ఒక ఫోటో తీయించి పంపండి.

మీ
చిన్నమ్మాయి