పిల్లులూ కూపీలూ: మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

క్రితం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. ఏడాది పొడుగునా ఒకే తరహా నవలలు చదవాలని, వాటిలో హత్య జరిగినా నెత్తురు కనబడకూడదని, కూపీ లాగేది పోలీసు కాని మామూలు మనిషే అయి ఉండాలని, కథలో ఎక్కడో ఒక పిల్లి తిరుగుతుండాలని. ఇంగ్లీషు పాఠకులు వీటిని కోజీ మిస్టరీలంటారు. ఆ రోజు కొందరు పెద్దలు పెదవి విరిచారు. కాలక్షేపం పుస్తకాలకు ఏడాదంతా ఎందుకన్నారు. ఏడాది గడిచాక కార్యవర్గం గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది: కోనసీమలో కూర్చుని చదవడానికి ఇంతకన్నా తగిన అపరాధ పరిశోధన నవలలు దొరకవు. ఈ కథల్లో దొంగ పట్టుబడేది ఊళ్ళో ఎవరి నడవడి ఏమిటో తెలిసిన మనిషి వల్ల. ఆ తెలివిడికి మన వీధి అరుగుల మీద ఏనాడూ కొదవ లేదు.

ఈ నవలల్లో చాలావాటికి తెలుగు అనువాదాలు లేవు. అందుకని ఇంగ్లీషు వచ్చినవారు చదువుకొని రావడం, మిగతావారికి నోటితో చెప్పడం అనే పద్ధతి పెట్టుకున్నాం. ఆఖరి అధ్యాయానికి ముందు కథ ఆగిపోతుంది. అందరూ చీటీల మీద దోషి పేరు, కారణం రాసి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. పేరొక్కటే రాస్తే చీటీ చెల్లదు, కారణం ఉండాలి. ఈ నిబంధన పెట్టినది మనలో అందరికన్నా చిన్న సభ్యురాలు, ఇంటర్మీడియట్ విద్యార్థిని. దాని వల్లే సభలు రక్తి కట్టాయి.

మొదటి సభకు అగాథా క్రిస్టీ కథను ఎంచుకోవడం బాగా కలిసొచ్చింది. ఆమె సృష్టించిన ఔత్సాహిక పరిశోధకురాలు మిస్ మార్పుల్ తొలిసారి కనిపించిన కథ అది, 1927లో పత్రికలో వచ్చింది. అందులోనూ కొందరు ఒక ఇంట్లో చేరి, తమకు తెలిసిన చిక్కుముడి ఒక్కొక్కరే చెప్పి, మిగతావారిని విప్పమంటారు. మూలన కూర్చుని అల్లిక పని చేసుకుంటున్న పెద్దావిడను మొదట ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చివరికి ముడి విప్పేది ఆవిడే. రాత్రి భోజనం తర్వాత ఒక ఇల్లాలు విషంతో చనిపోయిన కథ అది. మన సభలో పెళ్ళిళ్ళకు వంటలు చేసే సభ్యురాలు ఒకరున్నారు. కథ సగంలో ఉండగానే ఆమె చెయ్యెత్తి, “ఆ పూట ఎవరు ఏది తిన్నారు, ఎవరు ఏది తినకుండా పక్కన పెట్టారు? అది చెప్పండి ముందు” అన్నారు. తాళంచెవి సరిగ్గా అక్కడే ఉంది. మిగతావాళ్ళం ఆస్తి గురించి, అల్లుళ్ళ గురించి ఊహించుకుంటూ కూర్చున్నాం.

ఏడాదిలో ఎక్కువ కాలం లిలియన్ జాక్సన్ బ్రౌన్ నవలలతో గడిచింది. ఆమె అమెరికాలో డెట్రాయిట్ పత్రికలో పనిచేసిన పాత్రికేయురాలు. తాను పెంచుకున్న సయామీ పిల్లి పై అంతస్తు కిటికీలోంచి పడి చనిపోతే, ఆ దుఃఖం తీర్చుకోవడానికి ఒక కథ రాశారు. అది 1962లో అచ్చయింది. మొదటి నవల 1966లో వచ్చింది. 1968 నాటికి మూడు నవలలు వెలువడ్డాయి, ఆ తర్వాత నాలుగోది రావడానికి 18 ఏళ్ళు పట్టింది. పాఠకుల అభిరుచి మారిందని ఆ కలాన్ని పక్కన పెట్టేశారు. 1986లో మళ్ళీ మొదలుపెట్టాక ఇక ఆగలేదు. 2011లో తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూసే నాటికి ఈ వరసలో 29 నవలలు వచ్చాయి. విరామం తర్వాత డెబ్బై దాటిన వయసులో కలం మళ్ళీ పట్టారన్న మాట విని, ఉద్యోగ విరమణ చేసిన మన సభ్యులు ఇద్దరు కథలు రాయడం మొదలుపెట్టారు. ఈ సంగతి నివేదికలో నమోదు చేయడం నాకు చాలా సంతోషం.

ఆ నవలల్లో క్విల్లరన్ అనే బొద్దుమీసాల విలేకరి, అతని ఇంట్లో కోకో, యమ్ యమ్ అనే రెండు సయామీ పిల్లులు ఉంటాయి. కోకో మాట్లాడదు, ఏదీ తేల్చి చెప్పదు. అలమరలోంచి ఒక పుస్తకాన్ని కిందికి తోస్తుంది, అంతే. అది సూచనో, పిల్లి చేష్టో తేల్చుకోవలసింది మనిషి. దీనికి పూర్తి విరుద్ధంగా మరో అమెరికా రచయిత్రి రీటా మే బ్రౌన్ 1990లో మొదలుపెట్టిన వరసలో మిసెస్ మర్ఫీ అనే పిల్లి, టకర్ అనే కుక్క తమలో తాము ధారాళంగా మాట్లాడుకుంటాయి. మనుషులకు మాత్రం ఆ మాటలు వినపడవు. ఏ పద్ధతి మేలన్న దాని మీద సంఘం రెండుగా చీలి రెండు సభల పాటు వాదించుకుంది. పిల్లలు మాట్లాడే పిల్లి వైపు నిలిచారు. నా ఓటు కోకోకే. జంతువుకు మన బుద్ధి అంటగట్టకుండా, దాని తీరును దానికి వదిలేసి, చూసే కన్నును మాత్రం పదును పెట్టే రచన అది. వాదనలో తెనాలి రామకృష్ణుడి పిల్లి కూడా వచ్చింది. రాయలవారు ఇచ్చిన పిల్లికి ఆయన మొదటి రోజే కాగే పాలు పోశాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాల గిన్నె చూస్తేనే పారిపోయేది. సభలో అది పాలు ముట్టకపోవడం చూసి, దానికి ఏం జరిగి ఉంటుందని ఆలోచించిన వారికే గుట్టు తెలుస్తుంది. పిల్లి నడవడిని సాక్ష్యంగా చదవడం మన అమ్మమ్మలు చెప్పిన కథల్లో ఎప్పటి నుంచో ఉంది.

మిసెస్ మర్ఫీ యజమానురాలు హారీ ఉండేది వర్జీనియాలోని క్రోజే అనే చిన్న ఊరు, ఉద్యోగం తపాలా కార్యాలయంలో. మొదటి నవలలో సమాధి రాళ్ళ బొమ్మలున్న పోస్టుకార్డులు కొందరికి వస్తాయి, అందుకున్నవారు చనిపోతుంటారు. ఈ పుస్తకం చెప్పుకున్న రోజున, పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైన మన సభ్యుడిని మాట్లాడమని కోరాం. ఈ ఏడాదిలో నాకు మరపురాని సభ అదే. గల్ఫ్ వెళ్ళిన ఆడపిల్లల దగ్గర నుంచి ఉత్తరాలు వచ్చే కాలంలో, చదువు రాని తల్లులు కవరు పట్టుకొని కౌంటరు దగ్గర నిలబడేవారట. ఆయన చదివి వినిపించేవారు. ఒక్కోసారి ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చదవడానికి నోరు వచ్చేది కాదన్నారు. డబ్బు రావడం ఆగిన ఇల్లు, హఠాత్తుగా రిజిస్టర్డు పోస్టులు మొదలైన ఇల్లు, పేరు మారిన చిరునామా, ఇవన్నీ ఊరికంటే ముందు ఆయనకు తెలిసేవి. తెలిసినా గడప దాటనివ్వలేదు. రచయిత్రి తన పరిశోధకురాలిని తపాలా బల్ల వెనుక ఎందుకు కూర్చోబెట్టిందో ఆ పూట అందరికీ అర్థమైంది.

జపాన్ నుంచి జిరో అకగావా నవలల గురించి ఒక సభలో పరిచయం మాత్రమే చేసుకోగలిగాం. 1978లో మొదలైన ఆ వరసలో హోమ్స్ అనే మూడు రంగుల పెంటిపిల్లి ఉంటుంది. దాని వెంట ఉండే మనిషి పోలీసే గానీ నెత్తురు చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవేనని, నలుపు, నారింజ రంగులను నిర్ణయించే జన్యువు, ఆడవాటికి రెండు, మగవాటికి ఒకటే ఉండే ఎక్స్ క్రోమోజోము మీద ఉండటమే కారణమని సభ్యులైన పశువైద్యులు వివరించారు. ఎవరైనా మూడు రంగుల గండుపిల్లిని చూశానని సాక్ష్యం చెబితే ముందు ఆ సాక్షినే అనుమానించాలని వెనుక వరసలోంచి ఒకరన్నారు.

పెద్దవాళ్ళు మన డిటెక్టివ్ నవలలను మరచిపోనివ్వలేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు పేర్లు చెప్పగానే అద్దె పుస్తకాల దుకాణాల కాలం కళ్ళ ముందుకొచ్చింది. అయితే యుగంధర్‌కు పరిశోధన వృత్తి. ఊళ్ళో తన పని తాను చేసుకుంటూనే ముడి విప్పే మనిషి తెలుగులో తక్కువ. ఆ లోటు తలచుకునే మనం ఉమ్మడిగా ఒక కథ రాసుకున్నాం.

కథా స్థలం గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. పోయింది ఒక పాత దస్తావేజు. కూపీ లాగేది తెల్లవారకముందే ఇంటింటికీ గేదె పాలు పోసే పెద్దావిడ. ఒంటరిగా ఉంటున్నానన్న వ్యక్తి రోజూ అరలీటరు ఎక్కువ పాలు పోయించుకోవడం ఆవిడకు మొదటి ఆనవాలు. రెండోది పిల్లి. ఈనిన పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఆ పిల్లి కూనలను తెచ్చి పెట్టుకున్న గదిలోనే వారం రోజులుగా పడుకుంటున్నానని ఒకతను చెబుతాడు. మనిషి అలికిడి ఉన్న గదిని అది ఎన్నుకోదని ఆవిడకు తెలుసు. మూడోది మన డెల్టాలో పుట్టినవారికే తట్టేది: దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలకు నీళ్ళు కట్టేసిన రోజుల్లో, కాలువలో మునిగి వస్తున్నానని తడి తలతో చెప్పిన మాట. ఈ మూడో ఆధారం ఇచ్చినది ఒక కౌలు రైతు. ఈ ముగింపు మీద జరిగిన చర్చలో ఒక విషయం తేలింది. దొంగ దొరికాక కూడా ఆ ఊళ్ళో అందరూ కలిసి బతకాలి. అందుకే పాలావిడ నిజాన్ని పదిమందిలో అరిచి చెప్పకుండా, దస్తావేజు సొంతదారు ఇంటికి చేరే దారి చూస్తుంది. సభ్యులు ఒప్పుకుంటే దీన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

విదేశీ నవలల సంగతి వేరు. సభలో చెప్పుకున్న వాటిని రాసి పంచిపెట్టాలని కొందరు కోరారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి. క్రిస్టీ 1976లో మరణించారు కనుక ఆమె రచనలకు 2036 ముగిసే దాకా అనుమతి తప్పనిసరి. మిగతావారివి ఇంకా కొత్తవి. అందువల్ల నోటిమాటగానే చెప్పుకుందాం, అనువాద హక్కుల కోసం ప్రచురణకర్తలకు రాద్దాం.

వరదల రోజుల్లో లంకల నుంచి రావలసినవారు రాలేకపోయారు. ఆ సభలను ఫోనులోనే నడిపాం. నీళ్ళు వాకిట్లోకి వస్తుంటే తమ పిల్లి తన కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకుని అటక ఎక్కించిందని ఒక సభ్యురాలు కథ మధ్యలో చెప్పారు. మిగిలిన అధ్యాయం మరునాడు చెప్పుకున్నాం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ పుస్తకాలతో ఒక బల్ల ఏర్పాటు చేశాం. గ్రంథాలయోద్యమ సారథి అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టిన కొంకుదురు మన డెల్టాలోనిదే కాబట్టి ఆయన చిత్రం పక్కన పెట్టాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. చందా పెంచాలన్న ఆలోచన లేదు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, నెలకొక సభను సఖినేటిపల్లి వైపు సభ్యుల ఇళ్ళ దగ్గర జరపడం, నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చేవారికి దగ్గరవుతుంది. రెండు, తెలుగులో ఔత్సాహిక పరిశోధకురాలితో కొత్త కథ రాసేవారికి సంఘం సభలో చదివే అవకాశం. కథలో ఊరు, వృత్తి రచయితకు స్వయంగా తెలిసినవై ఉండాలి. పిల్లి ఉండటం తప్పనిసరి కాదు గానీ ఉంటే మంచిదని కార్యవర్గం అభిప్రాయం. రెండింటి మీదా సర్వసభ్య సమావేశంలో ఓటు తీసుకుంటాం. రాలేనివారు తమ అభిప్రాయాన్ని చీటీ మీద రాసి పంపవచ్చు, కారణంతో సహా.

ఇట్లు,
కార్యవర్గం తరఫున, కార్యదర్శి