మట్టిలో దొరికిన నాణేన్ని చింతపండుతో తోమవద్దు

సంపాదకులకు నమస్కారం.

చెరువుల్లో పూడిక తీసేటప్పుడు, ఇళ్లకు పునాదులు తవ్వేటప్పుడు, జీడితోటల్లో గుంతలు తీసేటప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో అప్పుడప్పుడు పాత నాణేలు బయటపడుతుంటాయి. శతాబ్దాల పాటు నేలలో నిలిచిన ఆ నాణేలు పైకి వచ్చిన కాసేపటికే పాడైపోతున్నాయనీ, అందుకు కారణం దొంగలో వ్యాపారులో కాదు, మన వంటింట్లోని చింతపండూ ఉప్పూ అనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నాణెం మీద మట్టి, పచ్చటి చిలుము పేరుకుని ఉంటే కింద ఏముందో చూడాలన్న ఆత్రం ఎవరికైనా కలుగుతుంది. ఇత్తడి బిందెలు తోమిన అలవాటు కొద్దీ కాస్త చింతపండు, చిటికెడు ఉప్పు వేసి కొబ్బరి పీచుతో రుద్దుతారు. నాణెం తళతళలాడుతుంది, కానీ దాని మీది బొమ్మా అక్షరాలూ మాత్రం పోతాయి. రాగి నాణెం చాలాకాలం మట్టిలో ఉన్నప్పుడు దాని పైభాగం కొద్దికొద్దిగా ఖనిజంగా మారిపోతుంది. ముద్రలోని సన్నని గీతలు చాలాసార్లు ఆ ఖనిజపు పొరలోనే మిగిలి ఉంటాయి తప్ప అడుగున ఉన్న లోహంలో ఉండవు. చింతపండులోని ఆమ్లం కరిగించేది సరిగ్గా ఆ పొరనే. ఉప్పు చేసే కీడు వెంటనే కనిపించదు. అందులోని క్లోరైడు లోహపు సందుల్లోకి చేరి, గాలిలోని తేమ తగిలినప్పుడల్లా నాణేన్ని లోపలినుంచి తినేస్తూ, లేత ఆకుపచ్చటి పొడిగా బయటికి వస్తుంది. నాణేల పరిరక్షకులు దీనినే బ్రాంజ్ డిసీజ్ అంటారు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరప్రాంతాల మట్టిలో ఉప్పు ఎలాగూ ఉంటుంది. దానికి మనం మరికొంత జోడించడం ఎందుకు?

శాతవాహనులు సీసంతో కూడా నాణేలు వేశారు. సీసానికి పులుపు అసలే పడదు, పైగా దాని మీద పేరుకునే తెల్లటి పొడి విషపూరితం కాబట్టి పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇక ముఖలింగంతో ముడిపడిన తూర్పు గాంగుల బంగారు ఫణాలు సుమారు అర గ్రాము బరువుండే చిన్న బిళ్లలు. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు రాజు పాలనా సంవత్సరాన్ని తెలిపే అంకె ఉంటాయి. బంగారానికి చిలుము పట్టదు కనుక తోమవలసిన అవసరమే లేదు. అయినా అది మెత్తటి లోహం, ఇటుక పొడితో నాలుగుసార్లు రుద్దితే ఆ అంకె అరిగిపోతుంది. అంకె పోయిన ఫణం ఏ సంవత్సరానిదో చెప్పడానికి ఆధారం ఉండదు.

అలాగని నాణేన్ని ఎప్పుడూ శుభ్రం చేయకూడదని నేను అనడం లేదు. బ్రాంజ్ డిసీజ్ పట్టిన నాణేన్ని అలాగే వదిలేస్తే కొంతకాలానికి పొడిగా మిగులుతుంది. దానికి చికిత్స చేయవలసిందే. అయితే ఆ పని సూక్ష్మదర్శిని కింద, లోహమేమిటో తెలుసుకుని, శిక్షణ పొందిన చేతులతో జరగాలి. మన కోస్తాలోని ఉత్తర సర్కారుల ప్రాంతం కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో ముద్రింపజేసిన రాగి నాణేలున్నాయి. రూపాయికి నలభై ఎనిమిది అని వాటి మీదే రాసి ఉంటుంది. అలాంటిది ఒకటి తోమేసినంత మాత్రాన పెద్ద నష్టం లేదనే వాదించవచ్చు, నేనూ గట్టిగా కాదనను. కానీ చిలుము కింద ఉన్నది కంపెనీ నాణెమో, అంతకు పదిహేను వందల ఏళ్ల ముందుదో తోమకముందు ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి దొరికినదాన్ని కడగకుండా నీడలో ఆరనిచ్చి, ఒక్కో నాణేన్ని విడివిడిగా పొడి కాగితపు కవరులో ఉంచడం మేలు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, వాటి నుంచి వెలువడే ఆమ్లం లోహాన్ని కొరుకుతుంది. నాణేలు కుండలో దొరికితే కుమ్మరించకుండా కుండతో సహా ఉంచాలి, ఎందుకంటే వాటన్నింటిలోకీ కడపటి నాణెం ఏదో తేలితేనే ఆ కుండను ఏ కాలానికి ముందు పాతిపెట్టి ఉండరో చెప్పగలం. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసిపెట్టుకుని, సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది.

ఆ తరువాత కలెక్టరుకు తెలియజేయాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా రాతపూర్వకంగా తెలపడం తప్పనిసరి. తెలపకపోయినా, గుర్తుపట్టకుండా మార్చినా ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. జనం ఈ శిక్ష సంగతి విని భయపడుతున్నారు, కేసు చుట్టుకుంటుందేమోనని నాణేలను కంసాలి కొలిమికి పంపేస్తున్నారు. తమకు రావలసినది కూడా అదే చట్టంలో ఉందని వారికి చెప్పేవారు లేరు. అయితే చట్టంలోనూ ఒక లోపముంది. ప్రభుత్వం నిధిని తీసుకుంటే లోహపు విలువ, దానిపై ఐదో వంతు కలిపి చెల్లించాలని మూల చట్టం చెబుతోంది. ఈ లెక్కన సీసపు నాణెం అప్పగించిన కూలీకి బస్సు ఛార్జీ కూడా గిట్టదు.

చట్టాన్ని మార్చడం జిల్లా యంత్రాంగం చేతిలో లేకపోవచ్చు గాని, కొన్ని పనులు మాత్రం దాని చేతిలోనే ఉన్నాయి. వేసవిలో చెరువు పనులు మొదలయ్యే ముందు కూలీల పని చూసే మేట్లకూ, గ్రామ సచివాలయ సిబ్బందికీ ఈ విషయాలపై ఒక పేజీ కరపత్రం ఇవ్వాలి. నాణెం తెచ్చినవారిని నిందితుల్లా ప్రశ్నించకుండా అక్కడికక్కడే రసీదు రాసి ఇవ్వాలి. ఆ నాణెం తరువాత ఏ ప్రదర్శనశాలకు చేరినా, దొరికిన ఊరి పేరుతో పాటు దాన్ని అప్పగించిన మనిషి పేరు కూడా, వారు ఒప్పుకుంటే, పక్కనున్న చీటీ మీద రాయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.