పడుకున్న కృష్ణుడు, పాడిన కృష్ణుడు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఎవీటా అనే ఆ పాటల నాటకం మాటెత్తితే చాలు, నీకు ఇంకా ఒళ్ళు మండుతోందన్నమాట. 2025 ఎండాకాలంలో చూసిన ఆటకి ఇప్పటిదాకా తిట్టుకుంటున్నావంటే టికెట్టు ధర గట్టిగానే తగిలుంటుంది. నువ్వు రాసింది, "స్టార్లని పెట్టడమే తప్పు" అన్న మాటతో సహా, ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. లండన్ పల్లాడియంలో సీటు పట్టుకుని కూర్చుంటే, ఏ పాట కోసం వెళ్ళావో సరిగ్గా ఆ పాట వేళకి ఎవీటా వేషం వేసిన రేచల్ జెగ్లర్ బయటి బాల్కనీలోకి వెళ్ళి ఆర్గైల్ వీధిలో నిలబడ్డ జనానికి పాడటం, లోపల డబ్బిచ్చిన మీకేమో తెర మీద వీడియో చూపించడం! మా ఆవిడ ఒక్కటే మాట అంది: "పెళ్ళి భోజనం వీధిలో వాళ్ళకి వడ్డించి, పిలిచిన చుట్టాలకి ఫోటో చూపించినట్టుంది."

మా అమ్మాయి మాత్రం నీకు ఎదురుపార్టీ. ఎవీటా అంటే అర్జెంటీనా అధ్యక్షుడి భార్య ఎవా పెరోన్, బాల్కనీలోంచి జనాన్ని బుట్టలో వేసుకున్న మనిషి కదా, కింద నిజం జనం ఉంటేనే ఆ సీను పండుతుంది, లోపలున్నవాళ్ళకి ఆ మాయ ఎలా జరుగుతుందో చూసే అవకాశం దొరికింది అని దాని వాదన. టికెట్టు కొనలేనివాళ్ళు ఓ పాట ఊరికే విన్నారు, అంకుల్‌కి ఏం పోయింది అంటోంది. ఏం పోయిందో నువ్వే రాయి, దానికి చదివి వినిపిస్తాను.

నాకిక్కడ దానికి తిరగేసిన అనుభవం అయింది. మీ హీరోయిన్ బయటికి వెళ్ళి పాడింది. మా హీరో లోపలే ఉండి పాడలేదు.

మొన్న చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాండవోద్యోగ విజయాలు వేశారురా. ఏ నాటక సమాజం వాళ్ళో పేరెందుకులే, పాతకాపులే. చాన్నాళ్ళుగా ఆపేసిన నాటకాన్ని మళ్ళీ ఎత్తుకున్నారు. ఎత్తుకుంటూ, కృష్ణుడి వేషానికి సీరియల్ హీరోని తెచ్చారు. ఎవరో రాయను, ఈ ఉత్తరం పోస్టు చేసేది మా అమ్మాయే. ఫ్లెక్సీ మీద అతని మొహం నిలువెత్తున ఉంది. దుర్యోధనుడు, కర్ణుడు, భీముడు అందరూ కింద స్టాంపుల సైజులో. పద్యనాటకానికి మామూలుగా టికెట్టే ఉండదు కదా, సన్మానాలు భరించే ఓపికే టికెట్టు. ఈసారి టికెట్టు పెట్టారు, హాలు నిండింది. అది ఒప్పుకోవాలి.

నిండటం అంటే రెండు ఊళ్ళు ఒకే హాల్లో కూర్చున్నట్టు నిండింది. ముందు వరసల్లో మనవాళ్ళు, పంచెలు, చేతిసంచులు, గంట ముందే వచ్చి సీట్ల మీద తువ్వాళ్ళేసినవాళ్ళు. వెనక నుంచి సీరియల్ జనం, పిల్లలూ ఫోన్లూ. తెర లేవగానే పడకసీను. కృష్ణుడు పాన్పు మీద పడుకుని ఉన్నాడు. ఇక చూడు, ఈలలు, కేకలు! దుర్యోధనుడు తలవైపు ఆసనం మీద కూర్చుని ఆ గోల తగ్గేదాకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు. అతను రైల్వేలో చేసి రిటైరైనవాడు, ఆలస్యాలు అలవాటే. ఒక మాట నిజాయితీగా చెబుతాను, ఆ పడుకున్నంతసేపూ మన హీరో బ్రహ్మాండంగా చేశాడు. నీలం రంగు మొహానికి అలా పట్టడం చాలా మందికి కుదరదు.

తర్వాత లేచాడు. అర్జునుణ్ణి పలకరించాడు. ఇటు తిరిగి 'బావా ఎప్పుడు వచ్చితీవు' ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాడనుకున్నాం. నేను హార్మోనియం వైపు కూర్చున్నాను కదా, ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని సీలింగు ఫ్యాను చూస్తున్నాడు. అప్పుడు వెలిగింది. గొంతు స్పీకర్లలోంచి వస్తోంది, స్టూడియోలో పాడించిన ట్రాకు. మంచి గొంతే. హీరో పెదాలు కదుపుతున్నాడు, అదీ బాగానే కదుపుతున్నాడు.

మూడో వరసలో ఒక ముసలాయన లేచి "వన్స్ మోర్" అన్నాడు.

ఆయనకి ట్రాకు సంగతి తెలిసే అన్నాడా, తెలియక అన్నాడా అని బయట చాలాసేపు తగువైంది. నా ఉద్దేశంలో తెలిసే. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రాడు కంగారుపడి మళ్ళీ మొదటి నుంచి వేశాడు. అచ్చంగా అదే పద్యం. ఎక్కడ ఊపిరి పీల్చాడో మళ్ళీ అక్కడే పీల్చాడు, ఎక్కడ సాగదీశాడో అక్కడే సాగదీశాడు. మామా, వన్స్ మోర్ ఎందుకు అడుగుతాం మనం? రెండోసారి పాడేది మొదటిదానిలా ఉండదనే కదా! మొదటిసారి 'సుఖులే' దగ్గర ఆప్యాయత పెడితే, రెండోసారి అక్కడే ఓ చురక పెడతాడు. రాగం ఇంకో మలుపు తిప్పుతాడు, హార్మోనియం ఆయన పట్టుకుంటాడో లేదో చూద్దామని వాద్యంతో సరసమాడతాడు. ఆ ముసలాయన పూర్తయ్యేదాకా నిలబడే విన్నాడు. విని, "ఇంకోసారి" అనలేదు, కూర్చున్నాడు. పక్కనెవరో "రికార్డు అరిగిపోతుంది, వదిలెయ్యండి మాస్టారూ" అన్నారు. ముందు వరసలన్నీ నవ్వాయి. వెనక నుంచి ఒకమ్మాయి గట్టిగా "నచ్చకపోతే వెళ్ళిపోండి, ఎందుకు డిస్టర్బ్ చేస్తారు" అంది. దుర్యోధనుడు మళ్ళీ మీసం దువ్వుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. సీను అయ్యాక హీరోకి దండ వేసి శాలువా కప్పి పంపేశారు. రాయబారం సీనుకి ఇంకో కృష్ణుడు వచ్చాడు, ఆ సమాజంలో ఎప్పటినుంచో వేస్తున్న పెద్దాయన. మా అమ్మాయి నా మోచెయ్యి పొడిచి "నాన్నా, హీరోని మార్చేశారా? ఇది అలౌడా?" అంది. దానికి చెప్పటానికి నాకు ఇంటర్వెల్ చాలలేదు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అనేది మనకి తాతల నాటి ఆచారం. హరిశ్చంద్రలో మొదటి అంకాలకి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకి ఇంకో హరిశ్చంద్రుడు. కాటిసీను అంటే డి.వి. సుబ్బారావే కావాలి అని బళ్ళు కట్టుకుని పోయినవాళ్ళు ఎంతమంది! నాటకాల కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి నుంచి అర్జునుణ్ణి బయానా ఇచ్చి రప్పించేవాడు. రిహార్సలూ లేదు, పాడూ లేదు, సాయంత్రం రంగు పూసుకునేటప్పుడే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం. కృష్ణుడి వేషానికి షణ్ముఖి ఆంజనేయరాజా, పీసపాటి నరసింహమూర్తా అని కొట్టుకున్న ఊళ్ళు ఉన్నాయి. స్థానం నరసింహారావు గారి సత్యభామని చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు, ఆయన మగవాడని తెలిసే, చీర కట్టు నేర్చుకుని పోయేవారట. నాటకాన్ని ఈ కాంట్రాక్టులు చెడగొట్టాయి, కథ పోయి రాగాలు మిగిలాయి అని అప్పట్లోనే పెద్దలు తిట్టిపోశారు.

అందుకే నీలాగా "స్టార్లని పెట్టడమే తప్పు" అని నేను అనలేను. మన పద్యనాటకం బతికిందే పేరు చూసి టికెట్టు కొన్న జనం మీద. ఈలపాట రఘురామయ్య గారు సినిమాల్లోనూ వేశారు, ఆయన పేరు చూసి పోలేదా జనం? కాకపోతే ఆ పేరు గొంతు వల్ల వచ్చింది. పేరు గోడమీద ఎంత పెద్దదైనా రాసుకో, తెర లేచాక పద్యం అప్పు తీర్చాలి. ఇక్కడ అప్పు తీర్చింది పేరు లేని గాయకుడు, వడ్డీ తిన్నది ఫ్లెక్సీ.

సినిమా అలవాటే ఇది. తెర మీద రామారావు గారి కృష్ణుడు నోరు తెరిస్తే ఘంటసాల గొంతు వచ్చేది, మనలో ఒక్కడైనా మోసం అనుకున్నామా? అనుకోలేదు, ఎందుకంటే సినిమాలో ఇద్దరూ కలిసి ఒక మనిషి. స్టేజి మీద ఆ లెక్క కుదరదు. ఎదురుగా కూర్చున్నవాడికి అతని గొంతు నరం కనపడుతుంది.

హాల్లో సగం మంది హీరో వెనకే సెల్ఫీలకి పోయారు. రాయబారం ఖాళీ కుర్చీల మధ్య జరిగింది. పెద్దాయన అది పట్టించుకున్నట్టే లేదు. 'చెల్లియో చెల్లకో' చాలా నెమ్మదిగా, దాదాపు మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. రాగం తీస్తాడనుకున్నచోట తియ్యలేదు, నిజంగానే సంధికి వచ్చినవాడిలా నిలబడి అడిగాడు. 'జెండాపై కపిరాజు'కి వచ్చేసరికి మాత్రం గొంతు విప్పాడు. వన్స్ మోర్ పడింది. మొదటిసారి దుర్యోధనుడి మొహంలోకి చూసి పాడినవాడు, రెండోసారి మెల్లగా కర్ణుడి వైపు తిరిగాడు. కర్ణుడు వేసిన కుర్రాడికి అది ముందు తెలియదు, నిజంగానే తడబడ్డాడు. ఆ తడబాటుకి చప్పట్లు చూడాలి! మా అమ్మాయి ఫోను దించేసింది. "ఆయన మీద మీద పడి తిడుతున్నట్టుంది, తిట్టు ఒక్కటీ లేదు" అంది. పద్యం దానికి సగం అర్థం కాలేదు, అయినా సంగతి పట్టుకుంది చూశావా!

బయటికొచ్చి ఇరానీ చాయ్ దగ్గర నిలబడితే సెక్రటరీ గారు దొరికారు. నేను అడగాల్సింది అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు పాపం. హాలు అద్దె, మేకప్, కిరీటాలు, హార్మోనియం, తబలా, వచ్చిపోయే ఖర్చులు వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆ కుర్రాడు లేకపోతే రాయబారం సీను మీరూ చూసేవారు కాదు సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆయనే ఇంకో మాట జారాడు. హీరో పద్యం నేర్చుకుంటానని రిహార్సల్స్‌కి వచ్చాడట. శ్రుతి నిలవడం లేదని, పరువు పోతుందని వీళ్ళే ట్రాకు పెట్టారట. అదీ నాకు మండింది. వంకరగా పాడితే పాడనియ్యండయ్యా! గోల చేస్తాం, చేస్తే చెయ్యనివ్వండి. రెండో ఆటకి బాగుపడతాడు. పాడనే పాడనివాడికి బాగుపడే దారేది?

మీ వైపు వాళ్ళు ఈ విషయంలో మనకంటే మొండివాళ్ళు అనిపిస్తుంది. ఫన్నీ గర్ల్ కథ గుర్తుంది కదా? 1964లో బార్బ్రా స్ట్రైసాండ్ పాడి నిలబెట్టిన నాటకాన్ని బ్రాడ్వేలో మళ్ళీ ఎత్తుకున్నది 2022లోనే. సినిమాల్లో పేరున్న బీనీ ఫెల్డ్‌స్టీన్‌ని పెట్టారు. నవ్వించింది గానీ ఆ పాటలకి గొంతు చాలలేదని విమర్శకులు ముక్కుసూటిగా రాశారు. ఆమె జూలై ఆఖరున వెళ్ళిపోయింది. సెప్టెంబరులో లియా మిషెల్ వచ్చింది, ఆమె కూడా టీవీ సీరియల్ పేరే. కానీ పాట మధ్యలోనే జనం లేచి నిలబడ్డారు. ఇద్దరూ పేరున్నవాళ్ళే, తేడా కంఠంలో. మధ్యలో ఆగస్టంతా నడిపిందెవరు? జూలీ బెంకో అనే అండర్‌స్టడీ, అంటే హీరోయిన్ రానిరోజు ఆ వేషం వెయ్యడానికి సిద్ధంగా ఉండే నటి. తర్వాత గురువారాల ఆట ఆమెకే ఇచ్చారు, పోస్టరు మీద పెద్ద మొహం లేకపోయినా. నాకు అది నచ్చింది. మన రెండో కృష్ణుడికి ఓ గురువారం ఇచ్చేవాళ్ళెవరు?

బ్రాడ్వేలోనే ఆడే షికాగో అనే పాటల నాటకం సంగతైతే అచ్చమైన కాంట్రాక్టు నాటకమే. 1996లో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఇప్పటికీ ఆడిస్తూనే ఉన్నారు. కొన్ని వారాలకి ఒక పేరు, అయ్యాక ఇంకో పేరు. 2006లో పాటగాడు అషర్, 2022లో పామెలా ఆండర్సన్. మన కాంట్రాక్టర్లు ఉంటే మెచ్చుకుని తాంబూలం ఇచ్చేవాళ్ళు.

స్టార్ గొడవే లేనివాళ్ళు సురభి వాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబాలు, ఇప్పుడు మా లింగంపల్లి వైపు కాలనీలో ఉన్నారు. వాళ్ళ మాయాబజార్‌కి వెళితే ఘటోత్కచుడు ఎవరు అని ఎవరూ అడగరు, లడ్డూలు ఎలా ఎగిరాయి అని అడుగుతారు. అది వేరే లోకం, దాని గురించి ఇంకోసారి.

ఈలోగా ఇంకో వార్త. సెక్రటరీ గారు సంక్రాంతికి హరిశ్చంద్ర వేస్తారట, చంద్రమతికి ఎవరో యాంకరమ్మ పేరు అనుకుంటున్నారు. ఆమెకి సంగీతం వచ్చట. "సొంతంగా పాడితేనే టికెట్టు కొంటాం" అని మా మూడో వరస ముసలాయన అప్పుడే మొహం మీద చెప్పేశాడు. కాటిసీను మన పెద్దాయనదే, అది మాత్రం ఖాయం. నువ్వు పండక్కి వస్తానన్నావు కదా, నిజమైతే తేదీ రాయి, నీకూ చెల్లెమ్మకీ హార్మోనియం వైపు సీట్లు చెప్పి ఉంచుతాను. డబ్బులు మాత్రం నువ్వే పెట్టుకోవాలి. నీకు పౌండ్లున్నాయి, పైగా ఈసారి పాట లోపలే పాడతారు.

ఇట్లు,
నీ మామ