వార్షిక నివేదిక 2025: మూడు పండగలు, ఒక్క గేటు

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక నిండా బోరు మోటారు రిపేరు, సీసీ కెమెరాలు, పార్కులో మొక్కలే ఉంటాయి. ఈసారి అవన్నీ జమాఖర్చుల కాగితంతో పాటు నోటీసు బోర్డులో పెట్టాం. మెయింటెనెన్స్ బకాయిల జాబితా కూడా అక్కడే ఉంది, ఒకసారి చూసుకోండి. ఇక్కడ మాత్రం మనం ఈ ఏడాది జనాన్ని పిలిచి చేసిన పండగల గురించే రాస్తున్నాను. అందులో ఒకరోజు మన చేతుల్లోంచి జారిపోయింది. అది దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

ముందు వినాయక చవితి. ధూల్‌పేటలో 14 అడుగుల విగ్రహానికి జూలైలోనే అడ్వాన్స్ ఇచ్చాం. ఆగస్టు 17 రాత్రి హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగలు తగిలి ఐదుగురు చనిపోయారు. లాగుతున్న బండి మొరాయిస్తే, రథాన్ని చేతులతో కదిలిస్తుండగా జరిగిందది. మర్నాటి కమిటీ మీటింగులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మన రెండో వీధి మలుపులో తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో అందరికీ తెలుసు. కర్ర పెట్టి కొలుద్దామని ఒకరు లేచారు. వానాకాలం, తడి కర్రలోంచి కరెంటు రాదా అని కూర్చోబెట్టి, లైన్‌మన్‌ను పిలిపించాం. ట్రాలీ నాలుగడుగులు, దాని మీద విగ్రహం, పైన గొడుగు. లెక్క కుదరలేదు. ఏడడుగుల మట్టి గణపతికి మార్చుకున్నాం. అడ్వాన్స్‌లో సగం పోయింది. ఖర్చుల్లో ఆ పద్దు ఏమిటని అడిగినవారికి ఇదే జవాబు.

కుర్రాళ్లు నొచ్చుకున్నారు. ఖైరతాబాద్‌లో 69 అడుగులు పెట్టలేదా అన్నారు. నిజమే, కానీ అక్కడ దారి పొడవునా తీగలు, చెట్ల కొమ్మలు, క్రేన్లు చూసుకోవడానికి ఎన్నో శాఖలు కదులుతాయి. మనకున్నది ఒక ట్రాక్టరు, ఒక లైన్‌మన్ ఫోన్ నంబరు.

కరెంటు సంగతి ఇంకొకటి. సీరియల్ బల్బుల వైరును పందిరి ఇనుప పైపులకు చుట్టేయడం మన పాత అలవాటు. ఈసారి వైరింగు వేరుగా లాగించి, బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు అది. మూడో రోజు రాత్రి హారతి మధ్యలో రెండుసార్లు పడిపోయింది. అందరూ విసుక్కున్నారు, తీసేసి డైరెక్టుగా ఇవ్వమన్నారు. వెతికితే ఒక తోరణం జాయింటు వానకు తడిసి పైపుకు ఆనుకుని ఉంది. ఆ పైపుకు ఆనుకుని పిల్లలు కూర్చున్నారు.

ఇక ఆగస్టు 31, ఆదివారం, అన్నదానం. మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. క్యూలో ఉన్నవాళ్లంతా షామియానా కిందికి జరిగారు. పార్కుకు ఉన్న ఒక్క గేటులోంచే వచ్చేవాళ్లు రావాలి, తిన్నవాళ్లు పోవాలి. అప్పుడే మన మైకులోంచి, మన మనిషే, "పులిహోర అయిపోవస్తోంది, త్వరగా రండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వెనకవాళ్లు ఒక్కసారి తోసుకొచ్చారు. ఒక పెద్దావిడ కిందపడి మణికట్టు బెణికింది. ఇద్దరు పిల్లల్ని టేబుల్ మీదుగా అవతలికి అందుకోవాల్సి వచ్చింది. రెండు నిమిషాల్లో సర్దుకుంది కాబట్టి చాలామందికి ఈ విషయం తెలియదు. ఆ అమ్మగారి ఇంటికి వెళ్లి సంఘం తరఫున క్షమాపణ చెప్పాం. తప్పు జనానిది కాదు, మనదే.

జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. ఒంట్లో బాగాలేని ఒకరి కోసం గేటు తీస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఎగబడ్డారని అప్పట్లో వార్తల్లో వచ్చింది. వెనక ఉన్నవాళ్లకు కారణం తెలియదు, కదలిక మాత్రమే కనిపిస్తుంది. మన మైకు చేసిందీ అదే. ‘తొక్కిసలాట’ అనే మాటే మనల్ని పక్కదారి పట్టిస్తుందని నాకనిపిస్తుంది. కాళ్ల కింద నలగడం ఒక్కటే కాదు, నిలబడి ఉండగానే ఛాతీ విచ్చుకునే చోటు లేక ఊపిరాడక పోయేవాళ్లు ఎక్కువ.

అన్నదానం తర్వాతి వారం పార్కులో ముగ్గుపిండితో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి కమిటీ సభ్యులమే నిలబడి చూశాం. నలుగురికి సుఖంగా ఉంది. ఆరుగురయ్యేసరికి చేతులు కదలలేదు, ఎవరు తోసినా అందరం ఊగుతున్నాం. నవ్వుకున్నాం గానీ విషయం అర్థమైంది. ఇంకొకటి కూడా తేలింది. మీటరు దారిలోంచి నిమిషానికి 80 మంది దాకా నడిచిపోగలరు. మనం వడ్డించగలిగింది నిమిషానికి ఎనిమిది మందికి. ఇరుకు ఉన్నది గేటు దగ్గర కాదు, గరిటె దగ్గర. వచ్చే ఏడు నాలుగు కౌంటర్లు పెట్టాలి, కూపన్ మీద టైము వేయాలి. మైకు ఒక్కరి చేతిలోనే ఉండాలి, "త్వరగా" అనే మాట అందులో వినపడకూడదు.

నిమజ్జనం సెప్టెంబరు 4న ప్రశాంతంగా జరిగింది. డీజే లేదు, డప్పులు పెట్టుకున్నాం. సద్దుల బతుకమ్మ కూడా బాగా జరిగింది, చెరువు మెట్ల దగ్గర లైటు చాల్లేదని ఆడవాళ్లు చెప్పారు. అది నిజం.

నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. వెళ్లేదీ వచ్చేదీ ఒకే దారి, మెట్ల పక్క రెయిలింగ్ ఊడిపోయింది. నాలుగు రోజుల్లో మన కార్తీక పౌర్ణమి దీపోత్సవం. పార్కు వెనక గోడలో ఎప్పుడో తాపీ పెట్టి మూసేసిన పాత గేటు ఒకటి ఉంది. కార్పొరేషన్ అనుమతి తీసుకుని ఆ నాలుగు ఇటుకల వరసలూ తీయించాం. ముందు గేటులోంచి రావడం, దీపం వెలిగించుకుని వెనక గేటులోంచి పోవడం. చీర కొంగులు, చున్నీలు తగలకుండా దీపాల వరసల మధ్య నాలుగడుగులు వదిలాం. ఇసుక బకెట్లు పెట్టాం, వాడాల్సిన పని రాలేదు.

ఆ వెనక గేటు ముందు రెండు ఇళ్లవారు కార్లు పెట్టుకుంటారు. పండగైపోయింది కదా, మళ్లీ మూసేయమని రాతపూర్వకంగా అడిగారు. అంబులెన్స్ లోపలికి రావడానికి మనకున్న రెండో దారి అదొక్కటే కాబట్టి తెరిచే ఉంచాలని కమిటీ అభిప్రాయం. కానీ పార్కింగ్ వాళ్లకూ కష్టమే. సర్వసభ్య సమావేశంలో మొదటి అంశం ఇదే, చేతులెత్తి ఓటింగు. వచ్చేటప్పుడు ఒకసారి ఆ గేటు దగ్గర నిలబడి చూసి రండి.

కార్యదర్శి